హైదరాబాద్‌కు మారాలా, కర్నూలులోనే ఉండాలా? బాడుగ కంటే ముందు పిల్లల తరగతి లెక్క చూడండి

ప్రతి ఏటా ఏప్రిల్, మే నెలలు రాగానే చాలా ఇళ్లలో ఒకటే చర్చ. ఇంటాయన హైదరాబాద్‌లో పని చేస్తుంటాడు. భార్యాపిల్లలు కర్నూలులోనో, నంద్యాలలోనో, కడపలోనో ఉంటారు. ‘ఇంకెన్నాళ్లు ఇలా? అందరం ఒకేచోట ఉందాం’ అనే మాట వస్తుంది. స్కూళ్లు తెరిచేలోగా తేల్చుకోవాలి కాబట్టి మాట్లాడటం మొదలవుతుంది. టోలీచౌకీలో కిరాయి ఎంత, యాకుత్‌పురాలో ఎంత, స్కూలు ఫీజు ఎంత, సామాను తేవడానికి లారీకి ఎంత అని లెక్కలు వేస్తారు. ఇవన్నీ చూడాల్సినవే. కానీ వీటన్నింటికంటే పెద్ద లెక్క ఒకటుంది. పిల్లలు ఇప్పుడు ఏ తరగతిలో ఉన్నారు అన్నదే ఆ లెక్క.

ఉదాహరణకు కర్నూలులో ఒక షేక్ కుటుంబం అనుకోండి. ఆయన హైదరాబాద్‌లో ఏసీ మెకానిక్. నలుగురితో కలిసి ఒక రూములో ఉంటూ నెలకోసారి ఇంటికి వస్తాడు. కర్నూలులో సొంత ఇల్లు ఉంది, చిన్నదే. పెద్దపాప తొమ్మిదో తరగతి పూర్తి చేసింది, నీట్ రాయాలని ఆశ. బాబు ఐదో తరగతి పూర్తి చేశాడు. దాదీకి వృద్ధాప్య పింఛను వస్తుంది. ఈ జూన్‌లోనే అందరూ హైదరాబాద్‌కు వెళ్లిపోతే ఏమవుతుంది? కొన్నాళ్లు ఆగితే ఏమవుతుంది? ఈ ఇంటి లెక్క అర్థమైతే మిగతా కుటుంబాలు తమ లెక్క తామే వేసుకోవచ్చు.

ఎక్కడైనా ఉండొచ్చు, కానీ ‘లోకల్’ కావడం వేరు

రాజ్యాంగంలోని 19వ అధికరణం ప్రకారం దేశంలో ఏ పౌరుడైనా ఏ రాష్ట్రంలోనైనా తిరగవచ్చు, స్థిరపడవచ్చు.  అయితే కాలేజీ సీటు, ప్రభుత్వ ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ‘స్థానికత’ అనే ఇంకో గేటు ఉంటుంది.

ఈ గేటు కొత్తది కాదు. నిజాం కాలంలోనే ‘ముల్కీ’ నిబంధన ఉండేది. 1919 నాటి ఫర్మానా ప్రకారం హైదరాబాద్ సంస్థానంలో ప్రభుత్వ నౌకరీ కావాలంటే ముల్కీ అయి ఉండాలి. బయటివాళ్లు అక్కడ 15 ఏళ్లు నివాసం ఉంటేనే ఆ హోదా వచ్చేది. 1952లో హైదరాబాద్‌లో ముల్కీ ఆందోళన, 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత అటువైపు జై ఆంధ్ర ఉద్యమం, అన్నీ ఈ గొడవ చుట్టూ తిరిగినవే. చివరికి 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాని కోసం రాజ్యాంగంలో 371-డి అధికరణం చేర్చారు. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. 2014లో రాష్ట్రం రెండుగా విడిపోయినా 371-డి రెండు రాష్ట్రాలకూ వర్తిస్తూనే ఉంది.

విభజన చట్టం మొదటి పదేళ్లు ఒక వెసులుబాటు ఇచ్చింది. ఉమ్మడి రాజధానితో పాటు ఉన్నత విద్యలో ఉమ్మడి ప్రవేశాల విధానం కూడా కొనసాగింది. ఆ పదేళ్లు 2024 జూన్ 2తో ముగిశాయి. అంతకుముందు హైదరాబాద్‌కు వెళ్లిన బంధువులు ‘మాకేం ఇబ్బంది రాలేదు, మీరూ వచ్చేయండి’ అనవచ్చు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, కానీ అది పాత రూలు. ఇప్పుడు వెళ్లేవాళ్లకు కొత్త రూలు.

సీటు కోసం చివరి నాలుగేళ్లు

ఇంటర్ తర్వాత ప్రొఫెషనల్ కోర్సుల కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం స్థానికులకే. స్థానికులు అంటే ఆధార్‌లో ఆ ఊరి అడ్రసు ఉన్నవాళ్లు కాదు. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు అక్కడ చదివినవాళ్లు. ఎంబీబీఎస్, ఇంజినీరింగ్‌లకు అర్హత పరీక్ష ఇంటర్ కాబట్టి ఆ నాలుగేళ్లు 9, 10 తరగతులు, ఇంటర్ రెండేళ్లు.

మెడికల్ సీట్ల విషయంలో తెలంగాణ ప్రభుత్వం 2024లో ఇచ్చిన జీవో 33 దీన్ని గట్టిగా పట్టుకుంది. 9 నుంచి ఇంటర్ వరకు నాలుగేళ్లు తెలంగాణలో చదవకుండా, కేవలం అక్కడ నివాసం ఉన్నామంటే సరిపోదు. దీనిపై కేసు హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఈ నాలుగేళ్ల నిబంధనను సమర్థించింది. ఉద్యోగరీత్యా బయట పనిచేసిన తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులు, సైనికుల వంటి కొన్ని వర్గాల పిల్లలకు మినహాయింపు ఉంది. ప్రైవేటు పని చేసుకునే కుటుంబాలకు ఆ మినహాయింపు లేదు.

ఇప్పుడు ఆ పాప లెక్క చూడండి. తొమ్మిదో తరగతి కర్నూలులో అయిపోయింది. ఈ జూన్‌లో హైదరాబాద్‌కు వెళితే పది, ఇంటర్ రెండేళ్లు కలిపి మూడేళ్లే అవుతాయి. తెలంగాణలో నాలుగేళ్లు నిండవు, కాబట్టి అక్కడ లోకల్ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో చివరి నాలుగేళ్లు చదవలేదు, కాబట్టి ఇక్కడా లోకల్ కాదు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అదే పరిస్థితి. ఒక్క ఏడాది తేడాతో 85 శాతం సీట్లు రెండు వైపులా చేజారిపోతాయి.

తలుపులన్నీ మూసుకుపోతాయని కాదు. ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లోని 15 శాతం ఆల్ ఇండియా కోటా సీట్లకు ఈ స్థానికత అవసరం లేదు. ఎన్ఐటీల్లో సగం సీట్ల హోం స్టేట్ కోటాకు పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారన్నదే చూస్తారు. మిగిలిన 15 శాతం రాష్ట్ర సీట్లలో తల్లిదండ్రులు ఆ రాష్ట్రంలో పదేళ్లు నివాసం ఉన్నట్టు చూపగలిగితే దారి ఉంటుంది. కానీ ఇంజినీరింగ్‌లో తెలంగాణ ఆ 15 శాతాన్ని కూడా 2025-26 నుంచి తెలంగాణ వాళ్లకే పరిమితం చేసింది. ఇవన్నీ ఇరుకు దారులు. పోటీ ఎక్కువ, సీట్లు తక్కువ.

అదే పాప మరో మూడేళ్లు కర్నూలులోనే ఉండి ఇంటర్ పూర్తి చేస్తే శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలో లోకల్ అవుతుంది. 1957 నుంచి ఉన్న కర్నూలు మెడికల్ కాలేజీ ఆ పరిధిలోదే.

ఇంటర్ మాత్రమే బయట చదివించే వాళ్లు కూడా ఇదే గమనించాలి. ‘రెండేళ్లే కదా, మంచి కోచింగ్ ఉంటుంది’ అని కర్నూలు పిల్లల్ని హైదరాబాద్ కాలేజీలో, ఖమ్మం పిల్లల్ని విజయవాడ కాలేజీలో వేస్తుంటారు. ఇల్లు మారకపోయినా, కాలేజీ మారితే పిల్లల స్థానికత మారిపోతుంది. సుప్రీంకోర్టు దాకా వెళ్లినవాళ్లలో తెలంగాణలో పుట్టి పెరిగి ఇంటర్‌కు మాత్రం పక్క రాష్ట్రం వెళ్లిన పిల్లలు కూడా ఉన్నారు.

ఉద్యోగానికి చూసే తరగతులు వేరే

సీటుకు చివరి నాలుగేళ్లు చూస్తే, ప్రభుత్వ ఉద్యోగానికి లెక్క ఇంకోలా ఉంటుంది. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం జిల్లా, జోన్, మల్టీజోన్ పోస్టుల్లో 95 శాతం స్థానికులకు రిజర్వ్ అయ్యాయి. అక్కడ స్థానికత తేల్చడానికి 1 నుంచి 7వ తరగతి మధ్య కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారని చూస్తారు. ఉమ్మడి రాష్ట్రం నాటి 1975 ఉత్తర్వులో మాత్రం పదో తరగతితో ముగిసే నాలుగేళ్లను లెక్కలోకి తీసుకున్నారు. అంటే 7 నుంచి 10 వరకు.

ఐదో తరగతి పూర్తి చేసిన బాబు విషయం ఇక్కడ తేలుతుంది. ఈ జూన్‌లో హైదరాబాద్‌కు వెళితే 6 నుంచి ఇంటర్ దాకా అక్కడే చదువుతాడు. కాలేజీ సీటుకు తెలంగాణ లోకల్ అవుతాడు, సందేహం లేదు. కానీ 1 నుంచి 5 వరకు కర్నూలులో చదివాడు కాబట్టి తెలంగాణ ఉద్యోగాలకు లోకల్ కాడు. రేపు 25 ఏళ్ల వయసులో కానిస్టేబుల్ నోటిఫికేషన్‌కో, గ్రూప్-4కో అప్లికేషన్ పెట్టేటప్పుడు ‘నేను పదిహేనేళ్లుగా ఇక్కడే ఉన్నాను’ అంటే ఎవరూ వినరు. ఐదో తరగతి స్టడీ సర్టిఫికెట్ ఎక్కడిది అని అడుగుతారు.

పిల్లవాడు వ్యాపారం చేస్తాడనో, ప్రైవేటు ఉద్యోగం చేస్తాడనో అనుకునే ఇంటికి ఇది పెద్ద నష్టం కాదు. పోలీసు, టీచరు ఉద్యోగాల మీద ఆశ ఉంటే మాత్రం పెద్ద నష్టమే. మారాలనుకుంటే అన్నింటికంటే మంచి సమయం పిల్లలు ఒకటో తరగతిలో చేరకముందు. అప్పుడైతే సీటుకూ, ఉద్యోగానికీ లెక్క ఒకే రాష్ట్రంలో కుదురుతుంది. ఆ తర్వాత మూడో తరగతి పూర్తయ్యేలోగా వెళ్లినా 4 నుంచి 7 వరకు నాలుగేళ్లు వస్తాయి. ఎనిమిది పూర్తయిన తర్వాత వెళితే సీటుకు ఫరవాలేదు, ఉద్యోగానికి లేదు. తొమ్మిది దాటాక వెళితే ఇంటర్ అయ్యేదాకా ఆగడమే మేలు.

బీసీ-ఇ సర్టిఫికెట్ బస్సెక్కి వెంట రాదు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో చేసిన చట్టం ద్వారా వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. షేక్, ఖురేషీ, ఫకీర్, తురక చాకలి, అత్తరు సాయిబులు వంటి వర్గాలు ఈ బీసీ-ఇలో ఉన్నాయి. దూదేకుల, నూర్‌బాషా, లద్దాఫ్‌లు అంతకుముందు నుంచే బీసీ-బిలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వర్గాలు బీసీ-ఇలో లేవు. విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ బీసీ-ఇని కొనసాగిస్తున్నాయి. అందుకే చాలామంది ‘ఇక్కడా బీసీ-ఇనే, అక్కడా బీసీ-ఇనే, ఏం తేడా?’ అనుకుంటారు.

తేడా చాలా ఉంది. పేరు ఒకటే అయినా జాబితాలు రెండు. ఏ రాష్ట్రం సర్టిఫికెట్ ఆ రాష్ట్రంలోనే చెల్లుతుంది. కర్నూలు తహసీల్దార్ ఇచ్చిన బీసీ-ఇ సర్టిఫికెట్‌తో తెలంగాణ కౌన్సెలింగ్‌కు వెళితే ఓసీగానే చూస్తారు. ఒక రాష్ట్రంలో కులాన్ని బట్టి వచ్చిన హోదా వలస వెళ్లిన రాష్ట్రానికి వెంట రాదని ఎస్సీ, ఎస్టీల విషయంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లోనే చెప్పింది. బీసీల విషయంలోనూ రాష్ట్రాలు ఇదే పద్ధతి పాటిస్తున్నాయి. అక్కడ ఇల్లు కిరాయికి తీసుకున్నంత మాత్రాన కొత్త సర్టిఫికెట్ చేతికి రాదు. తండ్రి స్వస్థలం ఏది, తాతల కాలం నుంచి ఎక్కడివాళ్లు అన్నది అడుగుతారు.

ఆ పాపకు ఇది రెండో దెబ్బ అవుతుంది. కర్నూలులో ఉంటే 4 శాతం కోటాలో పోటీ పడుతుంది. హైదరాబాద్‌కు వెళితే స్థానికతా ఉండదు, కోటా ఉండదు. బాబుకు స్థానికత దొరికినా కోటా పోతుంది.

అదే ఇంట్లో వాళ్లు సయ్యద్‌లో, పఠాన్‌లో అయితే ఈ లెక్క మారుతుంది. వాళ్లకు పోగొట్టుకోవడానికి బీసీ-ఇ లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి మిగతా అర్హతలు ఉంటే ఈడబ్ల్యూఎస్ 10 శాతం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. కాబట్టి ఒకే వీధిలో రెండు ఇళ్లకు ఒకే సలహా పనికిరాదు. పక్కింటివాళ్లకు లాభమైన మార్పు మనకు నష్టం కావచ్చు.

సర్కారు పథకాలు: ఏది ఆగుతుంది, ఏది మొదలవుతుంది

పథకాలు ప్రభుత్వాలతో పాటు మారుతుంటాయి. వాటిని చూసి ఊరు మారడం సరికాదు. కానీ నెల ఖర్చు మీద వాటి ప్రభావం ఉంటుంది కాబట్టి లెక్కలో పెట్టాల్సిందే.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. తెలంగాణలో 2,016 రూపాయలుగా కొనసాగుతూ వచ్చింది. తల్లికి వందనం కింద 2025లో చదువుకునే ఒక్కో పిల్లకు తల్లి ఖాతాలో 13,000 రూపాయలు పడ్డాయి. దాదీ పింఛను ఏడాదికి 48,000, ఇద్దరు పిల్లలకు 26,000. మొత్తం 74,000 రూపాయలు. అడ్రసు మారిస్తే ఇవి ఆగిపోతాయి. తెలంగాణలో పింఛను కొత్తగా మంజూరయ్యేదాకా దాదీ చేతికి ఏమీ రాదు.

దాదీ పేరు కర్నూలులోనే ఉంచి, ఆమె హైదరాబాద్‌లో ఉందామంటే అదీ సులువు కాదు. పింఛను ఇంటి దగ్గరే మనిషికే ఇస్తారు. వరుసగా రెండు నెలలు తీసుకోకపోతే మూడో నెలలో కలిపి ఇచ్చే వెసులుబాటు ఉంది. మూడు నెలలూ రాకపోతే ఆగిపోతుంది.

తెలంగాణ వైపు వచ్చేవీ ఉన్నాయి. నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు గృహజ్యోతి కింద ఉచిత కరెంటు. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం మనిషికి 6 కిలోలు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. ఆడపిల్ల పెళ్లికి షాదీ ముబారక్ కింద 1,00,116 రూపాయలు. మైనారిటీలకు 200కు పైగా గురుకులాలు ఉన్నాయి. విదేశాల్లో చదివే మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. అయితే వీటిలో చాలావాటికి తెలంగాణ నివాసం, ఆదాయం, ఆహార భద్రత కార్డు చూపాలి. కొత్తగా వచ్చిన కుటుంబానికి మొదటి రోజే ఇవి అందవు. ముందు పాత రాష్ట్రం రేషన్ కార్డులో పేర్లు తీయించాలి, తర్వాతే కొత్త కార్డుకు అప్లికేషన్. ఈ మధ్యకాలంలో ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ఏ కార్డూ చేతిలో ఉండదు. ఇంట్లో షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లు ఉంటే ఈ ఖాళీ కాలాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

కొన్ని మాత్రం రెండు చోట్లా నడుస్తాయి. కేంద్ర ఆహార భద్రత చట్టం కింద కార్డు ఉన్నవాళ్లు వేలిముద్ర వేసి పక్క రాష్ట్రంలోనూ బియ్యం తీసుకోవచ్చు. ఈ పోర్టబిలిటీ 2019 ఆగస్టులో మొదలైందే ఈ రెండు రాష్ట్రాలతో, గుజరాత్, మహారాష్ట్రలతో. ఆడవాళ్లకు బస్సులో ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఉంది. ఆధార్‌లో ఏ రాష్ట్రం అడ్రసు ఉందో ఆ రాష్ట్రం బస్సులోనే చెల్లుతుంది.

మారితే వచ్చే మేలు చిన్నదేమీ కాదు

ఇంతవరకు చదివితే మారడమే తప్పు అనిపించవచ్చు. అలా కాదు. తండ్రి నెలకోసారి వచ్చి వెళ్లే ఇంట్లో పిల్లలు పెరగడం వేరు, రోజూ ఇషా తర్వాత అందరూ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుని తినడం వేరు. ఈ తేడాకు రూపాయల్లో విలువ కట్టలేం. పదిహేనేళ్ల అబ్బాయిని ఒంటరిగా పెంచే తల్లికి ఆ భారం ఎంతో తెలుసు. రెండు కాపురాల ఖర్చు, రాకపోకల ఖర్చు కూడా మిగులుతుంది.

హైదరాబాద్‌లో పని దొరికే అవకాశం ఎక్కువ. ఏసీ పని, డ్రైవింగ్, మొబైల్ రిపేర్, టైలరింగ్, వెల్డింగ్ ఏది తెలిసినా ఖాళీగా కూర్చోరు. ఇంట్లో కుట్టుపని చేసే ఆడవాళ్లకు కూడా మదీనా, చార్మినార్ మార్కెట్ల నుంచి ఆర్డర్లు వస్తాయి. పెద్ద ఆస్పత్రులు దగ్గర. ఉర్దూలో చదువుకోవాలనుకునే వాళ్లకు 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. కర్నూలులోనూ డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది కాబట్టి ఈ ఒక్క కారణంతో ఊరు మారాల్సిన పని లేదు.

భాషతో పెద్ద ఇబ్బంది ఉండదు. కర్నూలు దక్కనీకి, హైదరాబాద్ దక్కనీకి దగ్గర చుట్టరికమే. తెలుగు కూడా వెంట ఉంటుంది. తెలంగాణలో 2018 చట్టంతో పదో తరగతి వరకు తెలుగు తప్పనిసరి చేశారు. తెలుగు బాగా చదివిన రాయలసీమ, కోస్తా పిల్లలకు అది భారం కాదు.

పోయేది ఇంకొకటి ఉంది. సొంత ఊళ్లో మసీదు జమాత్ మనల్ని ఎరుగు. జనాజా అయినా, నికా అయినా పది మంది పిలవకుండానే వస్తారు. కొత్త బస్తీలో ఆ పరిచయం రావడానికి ఏళ్లు పడుతుంది. ఆడపిల్ల సంబంధానికి ‘మీరు ఎవరివాళ్లు?’ అని అడిగితే చెప్పేవాళ్లు కావాలి.

ఊళ్లో ఇల్లు అమ్మేముందు

చాలా కుటుంబాలు చేసే పెద్ద పొరపాటు ఇక్కడ జరుగుతుంది. కర్నూలులో ఇల్లు అమ్మి, ఆ డబ్బుతో హైదరాబాద్ శివారులో ప్లాటు కొంటారు. రిజిస్ట్రేషన్ లేకుండా నోటరీ కాగితాల మీద చేతులు మారే ప్లాట్లు తక్కువ ధరకు వస్తాయి. వాటిలో కొన్ని చెరువు శిఖం భూమిలోనో, ప్రభుత్వ భూమిలోనో, వక్ఫ్ భూమిలోనో ఉంటాయి. 2024లో హైడ్రా ఏర్పడిన తర్వాత చెరువుల ఎఫ్‌టీఎల్ హద్దుల్లో కట్టడాల కూల్చివేతలు నగరమంతా చూసింది. ఇటు సొంత ఇల్లు పోయి, అటు ప్లాటు పోతే ఆ కుటుంబం మళ్లీ లేవడం కష్టం.

అందుకే మొదటి రెండేళ్లు ఊళ్లో ఇల్లు అమ్మకపోవడం మంచిది. బాడుగకు ఇచ్చి, ఆ డబ్బును హైదరాబాద్ కిరాయిలో కలుపుకోవచ్చు. కొనాల్సి వస్తే రిజిస్టర్డ్ డాక్యుమెంట్, ఈసీ, లింకు డాక్యుమెంట్లు చూపనిదే బయానా ఇవ్వకూడదు.

బెంగళూరు వైపు చూసేవాళ్లకు

హిందూపురం, మదనపల్లె, అనంతపురం కుటుంబాలకు హైదరాబాద్ కంటే బెంగళూరు దగ్గర. అక్కడ లెక్క మళ్లీ వేరు. కర్ణాటక సీఈటీ సీట్లకు సాధారణ నిబంధన ప్రకారం 1వ తరగతి నుంచి రెండో పీయూసీ మధ్య కనీసం 7 ఏళ్లు ఆ రాష్ట్రంలో చదివి, పదో తరగతి గానీ, రెండో పీయూసీ గానీ అక్కడే పాసై ఉండాలి. నాలుగేళ్లు కాదు, ఏడేళ్లు. అంటే ఐదో తరగతి తర్వాత వెళ్లిన పిల్లవాడికి ఏడేళ్లు సరిగ్గా నిండుతాయి, ఎనిమిదో తరగతి తర్వాత వెళితే నిండవు. అక్కడి 2బి కేటగిరీ కూడా కర్ణాటక ముస్లింల కోసమే, మన బీసీ-ఇ సర్టిఫికెట్‌కు అక్కడ విలువ లేదు. స్కూల్లో కన్నడ చదవాల్సి ఉంటుంది.

వెళ్లడం ఖాయమైతే ముందు పట్టుకోవాల్సిన కాగితాలు

స్కూలు నుంచి టీసీ ఒక్కటే తెచ్చుకుంటే చాలదు. 1వ తరగతి నుంచి ఇప్పటివరకు ఏ ఏడాది ఎక్కడ చదివారో తెలిపే స్టడీ సర్టిఫికెట్లు, హెడ్‌మాస్టర్ సంతకం, ముద్రతో తీసుకోవాలి. చిన్న ప్రైవేటు స్కూళ్లు మూతపడితే పదేళ్ల తర్వాత ఇచ్చేవాళ్లు ఉండరు. కుల, ఆదాయ సర్టిఫికెట్లు, తండ్రి చదువు రికార్డు, ఇంటి పన్ను రసీదులు ఒక ఫైల్లో పెట్టాలి. పేరు ఒకచోట షేక్ అని ముందు, మరోచోట వెనుక ఉంటే బయలుదేరేలోగానే సరిచేయించాలి.

ఓటు మార్చుకోవడానికి ఫారం-8 ఉంది. రెండు చోట్ల ఓటు ఉంచుకోవడం నేరం. డ్రైవింగ్ లైసెన్స్ దేశమంతా చెల్లుతుంది. కానీ బైకు, ఆటో 12 నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి నంబరుకు మార్చాలి. దానికి పాత ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, కొత్త రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ ఉంటాయి.

ఇంట్లో అందరి ఆధార్ అడ్రసు ఒకేరోజు మార్చేయడం కూడా తొందరే. ముందు ఎవరి అడ్రసు మారితే ఏది ఆగుతుందో చూసుకోవాలి. నిజంగా ఎవరు ఎక్కడ ఉంటున్నారో దాన్నిబట్టే అడ్రసు ఉండాలి, లేని నివాసం చూపితే తర్వాత చిక్కులు తప్పవు.

ఆ ఇంటి లెక్క చివరికి ఇలా తేలుతుంది

ఈ జూన్‌లోనే అందరూ వెళితే కుటుంబం కలుస్తుంది. దాని ఖరీదు పాప స్థానికత, ఆమె బీసీ-ఇ కోటా, ఏడాదికి 74,000 రూపాయలు.

మూడేళ్లు ఆగితే పాప కర్నూలులో ఇంటర్ పూర్తి చేస్తుంది. లోకల్‌గా, బీసీ-ఇ కింద నీట్ కౌన్సెలింగ్‌కు వెళుతుంది. అప్పటికి బాబు ఎనిమిదో తరగతి పూర్తి చేస్తాడు. తొమ్మిదిలో హైదరాబాద్‌లో చేరితే ఇంటర్ వరకు సరిగ్గా నాలుగేళ్లు వస్తాయి, తెలంగాణ సీటుకు లోకల్ అవుతాడు. ఇద్దరి చదువు లెక్కా కుదిరే సంవత్సరం అది. దాని ఖరీదు తండ్రి ఇంకో మూడేళ్లు రూములో ఉండటం, తల్లి ఇంకో మూడేళ్లు ఒంటి చేత్తో ఇల్లు నెట్టుకురావడం.

మధ్యదారీ ఉంది. కర్నూలు నుంచి హైదరాబాద్‌కు రోడ్డు మీద దాదాపు 210 కిలోమీటర్లు. నెలకోసారి వచ్చే ఆయన రెండుసార్లు రావచ్చు, సెలవుల్లో పిల్లలు అక్కడికి వెళ్లవచ్చు. ‘పిల్ల ఇంటర్ అయ్యేదాకా నేను ఇక్కడే ఉంటాను, మీరు పదిహేను రోజులకోసారి రండి’ అని ఆమె అంటే అది భయంతో అన్న మాట కాదు, లెక్క తెలిసి అన్న మాట అవుతుంది. పాపకు నీట్ మీద ఆశ లేకపోతే, డిగ్రీ చదివి టైలరింగో, వ్యాపారమో చేయాలనుకుంటే, ఇదే ఇల్లు ఈ జూన్‌లోనే సామాను సర్దుకోవచ్చు. అదీ తప్పు కాదు.

కాబట్టి మొదట అడగాల్సింది పాపనే, ఆమె ఏం చదవాలనుకుంటోందో. తర్వాత ఇద్దరు పిల్లల తరగతులు ఒక కాగితం మీద రాసి, పక్కన నాలుగేళ్ల లెక్క వేయాలి. ఆ కాగితం ముందు పెట్టుకుని అమ్మీ, అబ్బా, దాదీ కలిసి మాట్లాడుకోవాలి. లారీకి అడ్వాన్స్ ఇవ్వడం ఆ తర్వాత పని.